కోర్టు నిర్దోషి అన్నా ఇల్లు ఇవ్వట్లేదు, ఏం చేయాలి?

మాది తిరుపతి. మా చిన్నాయన కొడుకు హత్య కేసులో శిక్షపడి కొన్నేళ్లు కడప జైల్లో ఉన్నాడు. అప్పీలులో హైకోర్టు నిర్దోషి అని తేల్చింది. కానీ జనం నమ్మట్లేదు. కొర్లగుంటలో, జీవకోనలో అద్దెకు అడిగితే ముందు సరేనంటారు, వాడెవరో తెలిశాక "మా చుట్టాలొస్తున్నారు" అంటారు. తీర్పు కాపీ ఇస్తే చదవను కూడా చదవరు. "నిప్పు లేనిదే పొగ రాదు కదా" అని ఒకాయన వాడి ముఖం మీదే అన్నాడు. ఆ రోజు వాడు అన్నం ముట్టలేదు.

విజయవాడ దగ్గర జరిగిన ఆయేషా మీరా హత్య కేసులో శిక్షపడిన సత్యంబాబును 2017లో హైకోర్టు నిర్దోషిగా వదిలినప్పుడు అందరం అయ్యో పాపం అన్నాం. మన వీధిలోకి వస్తే ఎందుకిలా? ఇలాంటివాళ్లకు పరిహారం ఇచ్చే చట్టం కావాలని లా కమిషన్ 2018లోనే 277వ నివేదికలో చెప్పింది.

పరిహారం కోసం హైకోర్టులో రిట్ వేసినవాళ్లు ఎవరైనా ఉన్నారా? దానికి న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా లాయరును ఇస్తుందా?

అంతకన్నా ముఖ్యం, పనికి వెళ్లినచోట కేసు సంగతి ముందే చెప్పాలా, అడిగితేనే చెప్పాలా? వాడు చెప్పేస్తానంటాడు. పిన్నమ్మ వద్దని ఏడుస్తుంది. ఇది దాటొచ్చినవాళ్లు దయచేసి చెప్పండి.