అప్‌డేట్: సింగపూర్‌లో హార్న్‌బిల్ కనిపించింది!

డిసెంబరులో కుటుంబంతో సింగపూర్ వెళ్తున్నాం, ఇంట్లోవాళ్లని విసిగించకుండా పక్షులు చూడటం ఎలా అని అడిగాను కదా. మీరు చెప్పినట్టే ఒక్క ఉదయం మాత్రం అడిగి తీసుకున్నా. చాంగీ పాయింట్ నుంచి పులావ్ ఉబిన్ దీవికి పడవ. 12 మంది పోగైతే గానీ కదలదు, మా ఆయన వాచీ చూసుకుంటూనే ఉన్నారు.

దిగిన కాసేపటికే హార్న్‌బిల్ జంట! ముక్కు మీద ఇంకో ముక్కు పెట్టినట్టుంది. సింగపూర్‌లో ఎప్పుడో కనుమరుగైన ఈ పక్షి 1994లో ఈ దీవిలోనే మళ్లీ కనిపించిందట. పొదిగేటప్పుడు ఆడది చెట్టుతొర్రలో కూర్చుని ద్వారం మూసేసుకుంటుంది, మగది సన్నని సందులోంచి తిండి అందిస్తుంది అని చెప్తే, మా అత్తగారు "ఇది మీ మామయ్యకి చెప్పమ్మా" అన్నారు.

మధ్యాహ్నం వాన, సుంగై బులో చిత్తడి నేలల రిజర్వ్‌కి వెళ్లడం కుదర్లేదు. బైనాక్యులర్స్ మావాడు ఇంకా తిరిగివ్వలేదు.