అడాప్టర్ పెట్టినా ల్యాప్‌టాప్ చార్జ్ కావడం లేదు: బ్యాటరీ మార్చాల్సిందేనా?

ప్రశ్న:
సభ్యులందరికీ నమస్కారం. నేను చెన్నైలో, వేళచ్చేరిలో ఉంటున్నాను. నా ల్యాప్‌టాప్ అడాప్టర్ పెడితే పనిచేస్తోంది కానీ, బ్యాటరీ 38 శాతం దాటడం లేదు. ‘ప్లగ్‌డ్ ఇన్, నాట్ చార్జింగ్’ అని చూపిస్తోంది. పాత అడాప్టర్ పాడైపోతే ఈమధ్యే రిచీ స్ట్రీట్‌లో వేరే కంపెనీది కొన్నాను. బ్యాటరీ పోయిందని, మార్చక తప్పదని ఒక దుకాణంలో చెప్పారు. డబ్బు పెట్టేముందు ఇంట్లోనే పరీక్షించుకొనే మార్గం ఉందా?

సమాధానం:
నమస్కారమండీ. బ్యాటరీ ఇప్పుడే కొనకండి. ముందుగా ల్యాప్‌టాప్ అడుగుభాగం ఉబ్బిందేమో, టచ్‌ప్యాడ్ పైకి లేచిందేమో చూడండి. అలా ఉంటే మాత్రం వాడకం వెంటనే ఆపి, ఉబ్బిన బ్యాటరీని నొక్కకుండా, గుచ్చకుండా మెకానిక్ చేత తీయించేయాలి.

బ్యాటరీ మన్నిక కోసం 60 లేదా 80 శాతం దగ్గర చార్జింగ్ ఆపే సెట్టింగు లెనోవో వాంటేజ్, మైఆసుస్ వంటి కంపెనీ యాప్‌లలో ఉంటుంది. మీది 38 దగ్గర ఆగింది కాబట్టి అది కారణం కాకపోవచ్చు.

నా అనుమానమంతా కొత్త అడాప్టర్ మీదే. మీరు కంపెనీ పేరు చెప్పలేదు గానీ, డెల్ వంటి కొన్ని ల్యాప్‌టాప్‌ల గుండ్రటి పిన్ను లోపల నట్టనడుమ సన్నని సూది ఒకటి ఉంటుంది. చార్జింగుకు కావలసిన కరెంటు దాని గుండా రాదు. అడాప్టర్ 45 వాట్లదా, 65 వాట్లదా అన్న సమాచారం మాత్రమే దాని ద్వారా మదర్‌బోర్డుకు అందుతుంది. ఆ సూది వంగినా, తీగలో ఆ ఒక్క పోగు తెగినా, చౌక అడాప్టర్‌లో ఆ సమాచారమిచ్చే చిప్పే లేకపోయినా, ల్యాప్‌టాప్ వేగం తగ్గించుకొని నడుస్తుందే తప్ప బ్యాటరీని చార్జ్ చేయదు.

మీది డెల్ అయితే, ఆన్ చేయగానే ఎఫ్2 నొక్కి బయోస్‌లో (విండోస్ మొదలవకముందే తెరుచుకొనే సెట్టింగుల తెరలో) అడాప్టర్ వివరం చూడండి. తర్వాత విండోస్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి, పవర్‌సీఎఫ్‌జీ అని, ఒక ఖాళీ విడిచి, స్లాష్ పెట్టి, దాని వెంటే బ్యాటరీరిపోర్ట్ అని ఇంగ్లీషులో టైపు చేస్తే ఒక నివేదిక తయారవుతుంది. అందులోని డిజైన్ కెపాసిటీ (కొత్తలో ఉండే సామర్థ్యం), ఫుల్ చార్జ్ కెపాసిటీ (ఇప్పుడు పూర్తిగా నిండితే ఉండే సామర్థ్యం) అంకెలు ఇక్కడ రాయండి.

ప్రశ్న అడిగినవారు:
డెల్లేనండీ. బయోస్‌లో అడాప్టర్ ఎదురుగా ‘అన్‌నోన్’ అని ఉంది. నివేదికలో డిజైన్ 41,997, ఫుల్ చార్జ్ 30,800 మిల్లీవాట్ అవర్లు అని ఉంది.

సమాధానం:
‘అన్‌నోన్’ అంటే అడాప్టర్ ఏదో ల్యాప్‌టాప్ గుర్తించలేకపోతోందన్నమాట. ఇక ఆ అంకెల ప్రకారం బ్యాటరీలో ఇంకా 73 శాతం సామర్థ్యం మిగిలే ఉంది. దాన్ని మార్చవలసిన అవసరం కనిపించడం లేదు. ఆఫీసులో ఎవరిదగ్గరైనా డెల్ వారి అసలు అడాప్టర్ ఉంటే ఒక్కపూట అడిగి తెచ్చి పెట్టి చూడండి. పిన్ను సైజు, వోల్టేజీ మీ పాత అడాప్టర్ మీద ముద్రించినట్టే ఉండాలి. వాట్లు ఎక్కువైనా ఫరవాలేదు, తక్కువ కాకూడదు. దానితో చార్జ్ అయితే అటువంటి అసలుదే కొనుక్కోండి. అప్పటికీ ‘అన్‌నోన్’ అనే వస్తే ల్యాప్‌టాప్ వైపున్న చార్జింగ్ జాక్‌ను చూపించండి. చాలా మోడళ్లలో అది చిన్న తీగతో విడిగా ఉంటుంది కాబట్టి, మదర్‌బోర్డు మార్చాలని ఎవరైనా అంటే జాక్ ఒక్కటే మార్చి చూడమని అడగండి.