యాకోబు 2:13: కనికరం తీర్పును ‘మించి’ ఏం చేస్తుంది?

మద్దిలపాలెం నుంచి ప్రశ్న:
మా చర్చిలో యూత్ పిల్లలు బ్యానర్ కోసం బైబిల్లోని యాకోబు పత్రిక (అంటే లేఖ) 2:13ను వాడుక తెలుగులో రాశారు. పాత వాక్యం చాలామందికి కంఠతా వచ్చిందే: “కనికరము చూపనివాడు కనికరములేని తీర్పు పొందును, కనికరము తీర్పును మించి అతిశయపడును.” రెండో సగాన్ని వీళ్లు “కనికరం తీర్పును రద్దు చేస్తుంది” అని మార్చారు. మా పెద్దాయన ఒకరు చూసి, “రద్దయిపోతే మొదటి సగంలో తీర్పు ఎక్కడినుంచి వచ్చిందర్రా?” అన్నారు. ఎవరూ మాట్లాడలేదు. ఇంతకీ ఇక్కడ ‘అతిశయపడును’ అంటే ఏమిటండీ?

పెద్దవాల్తేరు నుంచి జవాబు:
పెద్దాయన సరైన చోటే పట్టుకున్నారండీ. చర్చికి వెళ్లని తెలుగువాళ్లకు అతిశయం అనగానే అతిశయోక్తి గుర్తొస్తుంది, అంటే హద్దు దాటడం. చర్చి తెలుగులో అతిశయపడడం అంటే గొప్ప చెప్పుకోవడం. గ్రీకు మూలంలో ఉన్నది ఈ రెండోదే, ఎదుటివాడి మీద పైచేయిగా గొప్ప చెప్పుకోవడం. రోమా పత్రిక 11వ అధ్యాయంలో అంటుకట్టిన అడవి ఒలీవ కొమ్మ విరిచేసిన కొమ్మల మీద అతిశయపడకూడదని పౌలు హెచ్చరిస్తాడు చూడండి, అక్కడా ఇదే క్రియ. అక్కడ తప్పన్న పనే ఇక్కడ కనికరానికి చెల్లింది! యాకోబు కావాలనే ఆ మాట వేశాడని నాకనిపిస్తుంది.

గొప్ప చెప్పుకోవాలంటే ఎదుట ఒకరుండాలి. తీర్పు రద్దయిపోతే కనికరం ఎవరి ముందు తలెత్తుకుంటుంది? అందుకే ‘రద్దు’ కుదరదు.

సందర్భం కూడా చూడాలి. ఆ అధ్యాయం మొదట్లో బంగారు ఉంగరం పెట్టుకున్నవాడిని మంచి చోట కూర్చోబెట్టి, మురికి బట్టల బీదవాడిని “నీవక్కడ నిలువుము” అనే సంఘం ఉంది. ఆ సంఘానికే ఈ వాక్యం. కాబట్టి ఇందులో కనికరం అన్నది ముందుగా మనం సాటివాడిమీద చూపవలసింది. మత్తయి 18లో పదివేల తలాంతుల బాకీ మాఫీ అయినవాడు, తనకు నూరు దేనారాలు ‘అచ్చియున్న’ తోటి దాసుడి గొంతు పట్టుకుంటాడే, వాడి కథే ఇది. (బాకీపడి ఉండడానికి ‘అచ్చియుండు’ అనే మాట ఈరోజుల్లో నాకు బైబిల్లో తప్ప ఎక్కడా కనబడడం లేదు.)

ఎన్.ఏ.డి. నుంచి:
మాస్టారూ, అది మనుషుల సంగతి. దేవుడిలో ఈ రెండూ ఎలా ఇముడుతాయి? మా ఆఫీసులో ఒకాయన అడుగుతూనే ఉంటారు, “క్షమించేవాడైతే నరకం ఎందుకు, శిక్షించేవాడైతే ప్రేమ ఎందుకు” అని. నాకు టెన్షన్ పుట్టి మాట మార్చేస్తుంటాను.

పెద్దవాల్తేరు నుంచి:
ఆయన అడిగింది బైబిల్లోనే ఉందండీ. నిర్గమకాండము 34:6, 7 చదవండి. కనికరము, దయ, దీర్ఘశాంతము, విస్తారమైన కృపాసత్యములుగల దేవుడని మొదలై, దోషులను ఏమాత్రమూ నిర్దోషులుగా ఎంచడని వస్తుంది. ఒకే ఊపిరిలో రెండూ. ఆ తర్వాత చూడండి తమాషా. యోనా 4:2లో ప్రవక్త ఇందులో మొదటి సగమే ఎత్తుకుని దేవుడిమీద అలుగుతాడు, నువ్విలా జాలిపడతావని తెలిసే పారిపోయానంటాడు. నహూము 1:3లో దీర్ఘశాంతుడనే మాట వెంటనే రెండో సగం, “దోషులను నిర్దోషులుగా ఎంచడు”. రెండు గ్రంథాలూ అస్సీరియా రాజధాని నీనెవె గురించే! మారుమనసు పొందిన తరానికి ఒక సగం, హింస మానని రాజ్యానికి ఇంకో సగం. క్రీస్తుపూర్వం 612లో ఆ పట్టణం కూలింది.

అదే నీనెవెకు క్రీస్తుశకం 7వ శతాబ్దంలో ఇసాకు అనే బిషప్ ఉండేవాడు. కనికరమూ న్యాయతీర్పూ ఒకే మనసులో ఉండలేవు, దేవుణ్నీ విగ్రహాన్నీ ఒకే ఇంట్లో కొలిచినట్టే అని ఆయన రాశాడు. 13వ శతాబ్దంలో థామస్ అక్వినాస్ అనే క్రైస్తవ పండితుడు దీనికి భిన్నంగా చెబుతాడు: కనికరం న్యాయాన్ని చెడగొట్టదు, న్యాయం నిండేది అందులోనే అని. దానికి సాక్ష్యంగా తెచ్చింది మనం మాట్లాడుకుంటున్న ఈ వాక్యాన్నే. నేను అక్వినాస్ పక్షం. ఇసాకు మాట మనసుకు హాయిగా ఉంటుంది గానీ, గొంతు పట్టుకున్న ఆ దాసుడిని ఏం చేయాలో చెప్పదు.

గోపాలపట్నం నుంచి:
మార్చు–మార్పు, కూర్చు–కూర్పు, తీర్చు–తీర్పు. రోమా 3:26లో దేవుడు “తాను నీతిమంతుడును యేసునందు విశ్వాసముగలవానిని నీతిమంతునిగా తీర్చువాడునై” ఉన్నాడని ఉంది. తీర్పు చెప్పేదీ తీర్చడమే, నీతిమంతుడిగా చేసేదీ తీర్చడమే, బాకీ కట్టేదీ తీర్చడమే. మన భాషలోనే జవాబుంది కదండీ!

పెద్దవాల్తేరు నుంచి:
వినడానికి బాగుంది, నేనూ మురిసిపోయాను. కానీ గ్రీకులో తీర్పుకూ నీతిమంతునిగా తీర్చడానికీ ధాతువులు వేరు. కాబట్టి తెలుగు పోలిక ప్రసంగానికి పనికొస్తుంది, రుజువుకు కాదు. ఆ వచనం మోసే బరువు మాత్రం నిజం: సిలువ దగ్గర దేవుడు పాపాన్ని చూసీ చూడనట్టు వదిలేయలేదు, దాని మూల్యం తానే భరించాడని క్రైస్తవ విశ్వాసం. ఆఫీసులో ఆయనకు ఇది చెప్పి చూడండి. ఒప్పుకోకపోవచ్చు, కానీ మాట మార్చక్కర్లేదు.

ఎన్.ఏ.డి. నుంచి:
ఆ ‘తీర్చు’ మన విశాఖ మిషనరీలు పెట్టిన మాటేనా?

పెద్దవాల్తేరు నుంచి:
అలా చెప్పలేమండీ. 1805లో ఇక్కడికి వచ్చిన జార్జి క్రాన్, అగస్టస్ దెగ్రాంజ్ ఆనందరాయర్ సాయంతో సువార్తల అనువాదం మొదలుపెట్టారు. క్రాన్ 1809లో, దెగ్రాంజ్ 1810లో పోయారు. వాళ్ల పని బెంగాల్‌లోని శ్రీరాంపూర్‌లో అచ్చయింది. కానీ ఆ తర్వాత ఎన్నో చేతులు దిద్దిన పాఠం మనది. ఏ మాట ఎవరిదో పాత ప్రతులు పక్కపక్కన పెట్టి చూడాల్సిందే.

మద్దిలపాలెం నుంచి:
మరి బ్యానర్ మీద ఏం రాయమంటారు?

పెద్దవాల్తేరు నుంచి:
“తీర్పు ఎదుట కనికరం తలెత్తుకుని నిలబడుతుంది.” మొదటి సగం మాత్రం వదలకండి.

మద్దిలపాలెం నుంచి:
పిల్లలకు నచ్చిందండీ. పెద్దాయనే ‘అతిశయపడును’ పోకూడదంటున్నారు. పైన పాత వాక్యం మొత్తం, కింద మీది వేయిస్తున్నాం. ఫ్లెక్సీవాడు రెండు లైన్లు పెరిగాయని సైజు మార్చమంటున్నాడు.