వేలిముద్రల్లో సుడులు ఎక్కువుంటే పాలపళ్ళు పుచ్చుతాయా?

ప్రశ్న (పిల్లల దంతవైద్యం, పీజీ):
3–6 ఏళ్ళ పిల్లల్లో వేలిముద్రలకీ పుచ్చుపళ్ళకీ సంబంధం చూస్తున్నాం. స్టాంప్ ప్యాడ్‌తో తీసినవి సగం అలుక్కుపోతున్నాయి. లూపా (గీతలు వచ్చిన వైపే మళ్ళేది), సుడా (గుండ్రంగా తిరిగేది) అన్న దగ్గర ఇద్దరం చెరో మాటా అంటున్నాం. 50 మందికి 500 వేళ్ళు, లెక్కకు చాలవా?

జవాబు 1:
చెమట, సిరా ఎక్కువవడం వల్లేనండీ. సబ్బుతో కడిగించి, స్పిరిట్ దూదితో తుడిచి పూర్తిగా ఆరనివ్వండి. చిన్నపిల్లల వేలి గీతలు సన్నగా, దగ్గరదగ్గరగా ఉంటాయి. సిరా కాస్త ఎక్కువైతే సందులు పూడి నల్లమచ్చే మిగులుతుంది. వేలిని నొక్కకుండా గోరు ఈ అంచు నుంచి ఆ అంచుదాకా ఒక్కసారే దొర్లించండి. బొటనవేలు ఒంటివైపుకి, మిగతావి బయటికి. లూప్‌కి డెల్టా (మూడు వైపుల గీతలు కలిసే ముక్కోణం) ఒకటి, సుడికి రెండు, సాదా ఆర్చ్‌కి (గీతలు విల్లులా వంగి ఈ పక్క నుంచి ఆ పక్కకి పోయేది) ఉండదు. అంచుదాకా దొర్లకపోతే సుడి రెండో డెల్టా కాగితం మీద పడదు, దాన్ని లూప్ అనుకుంటారు. మీ పేచీ అక్కడే అనిపిస్తోంది.

జవాబు 2:
500 కాదు, 50 అనే లెక్క. ఒకే బిడ్డ వేళ్ళు ఒకదానికొకటి సంబంధం లేనివి కావు. బిడ్డకెన్ని సుడులు, 0 నుంచి 10, అని రాసి పోల్చండి. వేలి గీతలకీ ఎనామెల్‌కీ (పంటి పైపూత) మూలం ఎక్టోడెర్మే (పిండం బయటి పొర), రెండింటి పనీ గర్భంలో 6–7 వారాలప్పుడే మొదలవుతుంది. ఈ ఊహకు పునాది అదే. కొన్ని అధ్యయనాల్లో పుచ్చున్నవాళ్ళకి సుడులు ఎక్కువ కనిపించాయి, కొన్నిట్లో తేడా తేలలేదు. తీపి రోజుకెన్నిసార్లు, రాత్రి పాలసీసా ఉందా, పేస్టులో ఫ్లోరైడ్ ఉందా రాయకపోతే మీదీ తేలదు. ఇంకో చిక్కు: మూడేళ్ళ బిడ్డకి ఇవాళ పుచ్చు లేదని ‘లేని’ గుంపులో వేస్తే, ఏడాదికి వచ్చేయొచ్చు. రెండు గుంపులకీ అయిదు దాటినవాళ్ళనే తీసుకోండి. ముద్రలు చదివేవారికి ఏ బిడ్డ ఏ గుంపో తెలియనివ్వకండి.

ప్రశ్న అడిగినవారు:
కృతజ్ఞతలు. ‘సుడులున్నాయి, మా పాపకి పుచ్చొస్తుందా?’ అని తల్లులు అడుగుతున్నారు. ఏం చెప్పాలి?

జవాబు 3:
ముద్ర చూసి చెప్పలేమని స్పష్టంగా చెప్పండి, పాప పై పెదవి ఎత్తి చూపించండి. పాచి తుడిచి పన్ను ఆరబెడితే చిగురు అంచున సుద్దలాంటి తెల్లగీత కనిపిస్తుందా? తడిలో అది కనబడదు. అదే తొలి పుచ్చు. గుంట పడకముందే ఫ్లోరైడ్ వార్నిష్ (పంటి మీద పూసే ఫ్లోరైడ్ మందు) పూస్తే ఆగే అవకాశం ఉంది. కింది ముందుపళ్ళని నాలుక, లాలాజలం కాస్తాయి కాబట్టి రాత్రి పాలసీసా వల్ల వచ్చే పుచ్చు పైపళ్ళకే ముందొస్తుంది. పడుకునేటప్పుడు సీసా తప్పనిసరైతే అందులో నీళ్ళే పోయమనండి. 1000 పీపీఎం ఫ్లోరైడ్ పేస్టు మూడేళ్ళలోపు బియ్యపుగింజంత, ఆపైన బఠాణీగింజంత; తోమడం పెద్దవాళ్ళే చెయ్యాలి.