2014 కేమన్, మీటర్ మీద 19 వేలే: డబ్బు కట్టే ముందు ఏమేం చూడాలి?

సర్జాపూర్‌రోడ్:
అందరికీ నమస్కారం. బెంగళూరు ఇందిరానగర్‌లో ఒక డీలర్ దగ్గర 2014 పోర్షే కేమన్ చూశాను. 981 మోడల్, 2.7 ఇంజిన్, పీడీకే గేర్‌బాక్స్ (రెండు క్లచ్‌ల ఆటోమేటిక్). కేఏ-03 నంబర్, మూడో ఓనర్, మీటర్ మీద 19,200 కి.మీ. పెయింట్ అద్దంలా మెరుస్తోంది. దాదాపు అదే ధరకు పీవై-01 (పుదుచ్చేరి) నంబర్‌తో ఇంకో కేమన్ ఉంది. అది 46,000 తిరిగింది, సర్వీస్ బిల్లులన్నీ ఉన్నాయి. నా మనసు మొదటిదాని మీదే ఉంది, కానీ ఒక భయం. డోర్ల మీద, డిక్కీ మీద అయస్కాంతం పెట్టి చూస్తే ఎక్కడా అతుక్కోలేదు. మొత్తం పుట్టీయేనా? తెలిసినవాళ్లు చెప్పండి.

పాతరెంచి:
ముందు అయస్కాంతం సంగతి. 981లో డోర్లు, ముందూ వెనకా డిక్కీ మూతలు అల్యూమినియం. అతుక్కోకపోవడమే సరి. మారుతీకి పనికొచ్చిన చిట్కా దీనికి పనికిరాదు. అల్యూమినియం మీద కూడా పనిచేసే పెయింట్ మందం మీటర్ తీసుకెళ్లండి. కంపెనీ పెయింట్ మామూలుగా 100 నుంచి 160 మైక్రాన్లు ఉంటుంది. 300 దాటితే మళ్లీ కొట్టిన పెయింట్, ఇంకా బాగా ఎక్కువైతే కింద పుట్టీ. ఇక్కడో మెలిక ఉంది. పీపీఎఫ్ (పెయింట్‌ని కాపాడే పారదర్శక ఫిల్మ్) వేసి ఉంటే ఆ ఫిల్మే 150–200 మైక్రాన్లు కలుపుతుంది. బండంతా ఒకేలా 300 చూపిస్తే ఫిల్మ్, ఒక్క ఫెండర్ మాత్రమే చూపిస్తే దెబ్బ. ప్యానెల్ అంచున గోరుతో తడిమితే ఫిల్మ్ అంచు తెలిసిపోతుంది.

ఇక 19,200 చూసి మురిసిపోకండి. అధీకృత సర్వీస్ సెంటర్‌కి తీసుకెళ్లి పీవిస్ (పోర్షే వాళ్ల డయాగ్నస్టిక్ పరికరం) పెట్టించి, ఇంజిన్ కంప్యూటర్‌లోని రిపోర్ట్ ప్రింట్ తీసుకోండి. అందులో ఇంజిన్ మొత్తం ఎన్ని గంటలు నడిచిందో ఉంటుంది. కిలోమీటర్లను ఆ గంటలతో భాగించండి. 900 గంటలు ఉంటే సగటు 21 కి.మీ., బెంగళూరు ట్రాఫిక్‌కి అది నమ్మదగిన లెక్కే. అదే 1,900 గంటలు ఉంటే సగటు 10 కి.మీ. సిల్క్ బోర్డ్ దగ్గర కాపురం పెట్టినా అంత తక్కువ రాదు. బ్యాటరీ కోసం రోజూ ఊరికే స్టార్ట్ చేసి వదిలేస్తే సగటు కొంత తగ్గుతుంది కానీ సగానికి పడిపోదు. మీటర్ మీద అంకె మార్చేవాళ్లు గంటల జోలికి వెళ్లడం అరుదు.

అదే రిపోర్ట్‌లో ఓవర్‌రెవ్ లెక్క, అంటే ఇంజిన్ హద్దు దాటి ఎన్నిసార్లు తిరిగిందో, ఆరు మెట్లుగా ఉంటుంది. మొదటి మూడు మెట్లలో అంకెలున్నా కంగారు వద్దు, గట్టిగా తొక్కితే వస్తాయి. నాలుగు నుంచి ఆరు వరకు మాన్యువల్‌లో గేరు తప్పుగా కిందికి వేసినప్పుడు పడతాయి. పీడీకే అలాంటి గేరు పడనివ్వదు, కాబట్టి మీ బండికి అక్కడ సున్నా ఉండాలి.

అసలు సమస్య ఏమిటంటే, ఏళ్ల తరబడి బేస్‌మెంట్‌లో నిలబడిన బండి తిరిగిన బండికన్నా ఎక్కువ ఖర్చు పెట్టిస్తుంది. తిరగలేదు కదా అని ఆయిల్ మార్చరు. ఆయిల్‌కి కిలోమీటర్లతో పాటు ఏడాది గడువూ ఉంది, బ్రేక్ ఫ్లూయిడ్‌కి రెండేళ్లు, ప్లగ్‌లకు నాలుగేళ్లు. ఏడాదికొక ఆయిల్ బిల్లు చొప్పున అడగండి. టైర్ పక్కన నాలుగంకెల కోడ్ చూడండి, 3514 అంటే 2014లో 35వ వారం. గాడి ఎంత లోతున్నా అవి పారేయాల్సినవే, రబ్బరు గట్టిపడి వానలో పట్టు ఉండదు. ఎయిర్ ఫిల్టర్ తీయించి ఎలుక గూడు ఉందేమో చూడండి. నవ్వకండి, అపార్ట్‌మెంట్ సెల్లార్లలో వైరింగ్‌ని కొరికేది అవే.

ఎంజీరోడ్_మెకానిక్:
పాతరెంచి గారు చెప్పినదానికి తోడు, ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే స్టార్ట్ చేయాలి. మీరు వెళ్లేసరికి సైలెన్సర్ వేడిగా ఉంటే తిరిగి వచ్చేసి, ఇంకో రోజు చెప్పకుండా వెళ్లండి. ఇది సిలిండర్లు పడుకుని ఉండే ఇంజిన్, నిలబడినప్పుడు కాస్త ఆయిల్ లోపలికి జారుతుంది. స్టార్ట్ అవగానే ఒక్కసారి నీలిపొగ వచ్చి పోతే పర్వాలేదు. తెల్లపొగ మేఘంలా వస్తూనే ఉంటే ఎయిర్ ఆయిల్ సెపరేటర్ (ఇంజిన్ లోపలి ఆవిరిలోంచి ఆయిల్‌ని వేరుచేసే భాగం) పొర చిరిగినట్టు. ఖాయం చేసుకోవాలంటే వెనక డిక్కీలో ఉన్న ఆయిల్ మూతను ఐడిల్‌లో తిప్పి తీయండి. స్వల్పంగా పీల్చుకుంటే మామూలే, మూతను లాగి పట్టుకున్నట్టు బిగుసుకుంటే సెపరేటర్ పోయింది.

డిప్‌స్టిక్ ఉండదు, ఆయిల్ ఎంతుందో స్క్రీన్ మీదే చూడాలి. ఇంజిన్ పైనుంచి కనపడదు, కాబట్టి లిఫ్ట్ లేకుండా చూసింది చూసినట్టు కాదు. కింది కవర్లు విప్పించి వాటర్ పంప్ చుట్టూ ఎండిన గులాబీరంగు పొరలా ఉందేమో చూడండి, అది కూలెంట్ కారిన గుర్తు. కవర్లకు కొన్ని స్క్రూలు లేకపోతే ఎవరో హడావుడిగా విప్పారు, ఎందుకో అడగండి. ముందు బంపర్ గాలి రంధ్రాల్లోకి టార్చ్ వేస్తే రేడియేటర్ల ముందు ఎండుటాకుల గుట్ట కనిపిస్తుంది. తడిసిన ఆకులు ఏసీ కండెన్సర్‌ని తినేస్తాయి.

స్పీడ్ బ్రేకర్లు నెమ్మదిగా ఎక్కిస్తూ కిటికీ దించి వినండి. తటతటమంటే సస్పెన్షన్ ఆర్మ్ బుష్‌లు. రిమ్ములు లోపలివైపు కూడా చూడాలి, మన గుంతలు వంచేది అటే. పీడీకేని క్లచ్ పూర్తిగా పట్టక పాకే వేగంలో అయిదు నిమిషాలు నడపండి, కుదుపు ఉంటే అక్కడే బయటపడుతుంది.

ఫారం30:
కాగితాలు. డీలర్ ఆర్టీఓలో నమోదైనవాడా అని మొదట అడగండి. 2023 ఏప్రిల్ నుంచి అమలైన నిబంధనల ప్రకారం బండి డీలర్ చేతికి వచ్చిన సంగతి ఫారం 29సీ ద్వారా ఆర్టీఓకి చేరి ఉండాలి. లోన్ ఉంటే బ్యాంక్ ఎన్ఓసీ, ఫారం 35. ఓనర్ మారడానికి 29, 30. మూడో ఓనర్ అన్నాడు కదా, వాహన్‌లో (ప్రభుత్వ వాహన రిజిస్ట్రేషన్ పోర్టల్) కూడా అంతే చూపిస్తుందా?

పీవై బండికైతే ఫారం 28 ఎన్ఓసీ కావాలి, తర్వాత కర్ణాటక జీవితకాల పన్ను. 20 లక్షలు దాటిన కార్లకు కొత్తప్పుడు 18 శాతం, పాత బండికి వయసును బట్టి తగ్గిస్తారు. కేమన్ కొత్త ధర మీద లెక్క కాబట్టి తగ్గించినా లక్షల్లోనే ఉంటుంది. "అలాగే తిప్పుకోవచ్చు సార్" అంటే వినకండి. 2025 ఫిబ్రవరిలో ఇలా బయటి నంబర్లతో తిరిగే ఖరీదైన కార్లను రవాణా శాఖ ఇక్కడ పట్టుకుంది.

ఇంకొకటి, ఇన్సూరెన్స్ క్లెయిమ్ చరిత్ర. చెన్నైలో 2015, 2023 డిసెంబర్లలో, ఇక్కడ యమలూరు వైపు 2022 సెప్టెంబర్‌లో మునిగిన కార్లు ఎన్నో. సీటు బెల్ట్‌ని చివరిదాకా లాగి మట్టి గీత ఉందేమో, సీటు బోల్టులకు తుప్పు ఉందేమో చూడండి.

సర్జాపూర్‌రోడ్:
అందరికీ థాంక్స్. డీలర్‌ని పీవిస్ రిపోర్ట్ అడిగాను. "బండి ఇంకొకరు చూస్తున్నారు, ముందు టోకెన్ ఇవ్వండి, రిపోర్ట్ తర్వాత చూద్దాం" అంటున్నాడు.

పాతరెంచి:
చూసేవాళ్లని చూడనివ్వండి. రిపోర్ట్ రాకుండా రూపాయి ఇవ్వకండి. ఈలోపు పీవై బండి ఆర్‌సీ కాపీ పట్టుకుని ఆర్టీఓలో పన్ను ఎంతవుతుందో లెక్క వేయించండి, ఆ మొత్తాన్ని ధరలోంచి కోయమని అడగండి.