సీఓడీ తగ్గితే నీళ్ళలో విషం పోయినట్టేనా?

రాత్రి_షిఫ్టు: మా అద్దకం యూనిట్ మురుగునీటికి ఎలక్ట్రో ఆక్సిడేషన్ (కరెంటుతో మురికిని విరగ్గొట్టే పద్ధతి) పెడతామంటున్నారు. దాంతో కొత్త విషాలు పుడతాయని ఒకాయన భయపెట్టారు. నిజమేనాండీ?

టైటానియం: అనవసరపు టెన్షన్. రంగు విరుగుతుంది, సీఓడీ (నీళ్ళలోని మురికి ఆక్సీకరణకు కావాల్సిన ఆక్సిజన్ లెక్క) పడిపోతుంది, బురదా తక్కువే. ఇంకేం కావాలి?

డాఫ్నియా: అద్దకం నీళ్ళలో ఉప్పు దండిగా ఉంటుంది. మెషిన్‌లో ఆనోడ్ (ప్లస్ కరెంటు పలక) దగ్గర ఆ క్లోరైడే క్లోరిన్, హైపోక్లోరైట్ అవుతుంది. రంగును విరగ్గొట్టేది చాలావరకు అదే. అదే సేంద్రియ పదార్థాలకు తగులుకుంటే క్లోరోఫామ్ లాంటి విషాలు తయారవుతాయి. ఇంకా సాగదీస్తే క్లోరేట్ అనే మరో విషం. వజ్రపు పూత ఆనోడైతే పెర్‌క్లోరేట్ దాకా పోతుంది. సీఓడీ అంకె చూస్తే ఇవి తెలియవు. మేం డాఫ్నియా అనే చిన్న నీటి పురుగులతో పరీక్ష చేశాం. శుద్ధికి ముందు నీళ్ళలో ఈదుతున్నవి, శుద్ధి చేసిన నీళ్ళలో 48 గంటలకు అడుక్కి చేరాయి.

టైటానియం: మిగిలిన క్లోరిన్‌తో చచ్చుంటాయి. దాన్ని తీసేసే థయోసల్ఫేట్ కలిపారా లేదా?

డాఫ్నియా: కలిపాకే చేశాం.

టైటానియం: ఉప్పుకైనా చస్తాయి.

డాఫ్నియా: ఉప్పు ముందు నీళ్ళలోనూ అంతే ఉంది కదా!

ఉల్లిపొర: మా దగ్గర చివర్లో కార్బన్ ఫిల్టర్ ఉంది. గొడవే లేదు.

డాఫ్నియా: కార్బన్ క్లోరోఫామ్‌ను పడుతుంది, పెర్‌క్లోరేట్‌ను సరిగా పట్టదు.

టైటానియం: ల్యాబులో కూర్చుని పురుగులు లెక్కపెట్టడం తేలికే. ఇలాంటి రిపోర్టొకటి చూపించి మా పాత కంపెనీలో మెషిన్ మూలన పడేశారు. తర్వాతేం చేశారో తెలుసా? ముడి నీళ్ళనే రాత్రిపూట ట్యాంకర్లకెత్తి పారబోశారు. మీ క్లోరోఫామ్ కంటే అది మేలా?

డాఫ్నియా: ఇప్పుడు బయటపడ్డారు. విషం లేదని కాదు, దాని మాటెత్తితే ఉన్న మెషిన్ కూడా పోతుందని మీ భయం. తీసేయమని నేనెక్కడన్నాను? ఆపరేటర్‌కు సీఓడీ ఒక్కటే టార్గెట్ ఇస్తే కరెంటు పెంచుకుంటూ పోతాడు. విషం పరీక్ష కూడా పెట్టి, ఎక్కడ ఆపాలో చెప్పమంటున్నాను.

టైటానియం: ఆ పరీక్షకు డబ్బులెవరిస్తారు? యజమానికి ఇంకో సాకు దొరుకుతుంది, అంతే.

రాత్రి_షిఫ్టు: మధ్యలో అడ్డొస్తున్నా. మా కొటేషన్‌లో లెడ్ డయాక్సైడ్ ఆనోడ్ అని ఉంది. పర్లేదా?

టైటానియం: అది మాత్రం వద్దు. సీసం నీళ్ళలోకి దిగొచ్చు.

డాఫ్నియా: ఆ సీసం సీఓడీలో కనబడుతుందా సార్?

టైటానియం: మళ్ళీ మొదలెట్టారా!