బోరు నీళ్లలో సాల్వెంట్ వాసన: టవరా, కార్బనా?

బొల్లారం_షెడ్డు: పొద్దున మోటారు వేయగానే పాత బోరు నీళ్లు తియ్యటి వాసన కొడుతున్నాయి. రిపోర్టులో ఎండీసీ (మిథిలీన్ డైక్లోరైడ్), టోలీన్ అనే ఫ్యాక్టరీ ద్రావకాలు (సాల్వెంట్లు) ఉన్నాయన్నారు. పక్క బస్తీవాళ్లూ ఇవే నీళ్లు పట్టుకునేవాళ్లు, ఆపించాం. కాచి తాగమని కొందరు, ఆర్‌వో పెట్టమని కొందరు. నీళ్లలోకి గాలి కొట్టి సాల్వెంట్ తీసే టవర్ పెట్టాలా, యాక్టివేటెడ్ కార్బన్ (బొగ్గు) ఫిల్టర్ పెట్టాలా? చాలా టెన్షన్‌గా ఉంది.

ఈటీపీ_ఆపరేటర్: కాచొద్దండి. గిన్నెలోంచి లేచింది వంటింటి గాలిలోనే ఉంటుంది, పీల్చేది మీ ఇంట్లోవాళ్లే. ఆర్‌వో పొర ఇంత చిన్న అణువులను పూర్తిగా ఆపదు.

మేం టవర్ నడిపాం. పైనుంచి నీళ్లు, కిందినుంచి బ్లోయర్ గాలి, మధ్యలో ప్లాస్టిక్ రింగులు. టోలీన్, ఎండీసీ గాలిలోకి వెళ్లిపోతాయి. అసిటోన్, మెథనాల్ మాత్రం నీళ్లను అంత తేలిగ్గా వదలవు. మమ్మల్ని ఏడిపించింది ఐరన్. గాలి తగలగానే తుప్పయి, నాలుగు నెలలకు మూత తీసి చూస్తే రింగులన్నీ అతుక్కుపోయి ఇటుకరంగు ముద్ద. యాసిడ్‌తో కడిగాం. మీరు ముందే ఐరన్ తీసేయండి.

సన్నీవేల్_నుంచి: టవర్ పైనుంచి పోయే గాలిని కూడా పట్టాలి సార్, లేకపోతే నీళ్లలోని విషం బస్తీ మీదికి వదిలినట్టే. ఇక్కడ అమెరికాలో, కాలిఫోర్నియాలో, 1981లో శాన్‌హోసేలో చిప్ ఫ్యాక్టరీ భూగర్భ ట్యాంకు లీకై సాల్వెంట్ తాగునీటి బావిలో తేలింది. పక్కనే మౌంటెన్ వ్యూలో దశాబ్దాలుగా నీళ్లు తోడి శుద్ధి చేస్తూనే ఉన్నారు. అక్కడి నీళ్లలోని ట్రైక్లోరోఎథిలీన్ అనే సాల్వెంట్ నీటికంటే దాదాపు ఒకటిన్నర రెట్లు బరువు. అడుక్కి దిగి బంకమట్టిలో దూరి, ఏళ్ల తరబడి కొంచెం కొంచెంగా ఊరుతుంది. ఇక్కడ తాగునీటిలో దానికి పరిమితి లీటరుకు 5 మైక్రోగ్రాములే.

ల్యాబ్_అక్క: శాంపిల్ ఎలా తీశారు తమ్ముడూ? బాటిల్లో ఖాళీ ఉంటే సాల్వెంట్ ఆ ఖాళీలోకే పోతుంది, రిపోర్టు తక్కువ చూపిస్తుంది. 40 మి.లీ. వయల్‌లో (చిన్న గాజు సీసాలో) నీళ్లు అంచు మీద ఉబ్బేదాకా నింపి, మూత బిగించి, తలకిందులు చేసి వేలితో తట్టు. చిన్న బుడగ కనిపించినా మళ్లీ తీయాలి. ఐస్‌లో పెట్టి పంపు. ఇంకోటి, కార్బన్ ఎండీసీని గట్టిగా పట్టుకోదు. ఒక్క కార్బన్ డ్రమ్ము మీద ఆధారపడొద్దు, రెండు వరుసగా పెట్టి, మొదటి దాంట్లోంచి రెండోదానికి వెళ్లే నీళ్లను టెస్ట్ చేయించు.

బొల్లారం_షెడ్డు: మేం సగం నిండిన వాటర్ బాటిల్ పంపాం అక్కా. అంటే అసలు లెక్క ఇంకా ఎక్కువే. రేపే వయల్స్ తెప్పిస్తా, ఐరన్ టెస్ట్ కూడా చేయిస్తా. అందాకా బస్తీకి ట్యాంకర్ ఖర్చు నాది.